పాత కారులో నీటి జాడ

పెంకుటింటిలో నివసించువారికి వానకాలపు కష్టమొకటి తెలిసియే యుండును. నడిరేయి వాన కురియుచుండగా, పడుకొన్నవాని ముఖముపై ఒక చుక్క పడును. అతడు లేచి, చాపను ప్రక్కకు లాగికొని, చుక్క పడుచున్న చోట ఒక గిన్నె నుంచును. మరునాడు నిచ్చెన వేసికొని పైకెక్కి, ఆ చోటికి సరిగా పైనున్న పెంకును తీసి చూచును. ఆ పెంకు చెక్కు చెదరక యుండును! పగిలిన పెంకు మూడు వరుసల పైన, మరియొక మూల నుండును. అచ్చట దిగిన నీరు వాసము వెంట జారుచు వచ్చి, వాసముపై నున్న కణుపు అడ్డు తగులగా, చుక్కయై రాలినది. నీరు కనబడిన చోటు వేరు. నీరు ప్రవేశించిన చోటు వేరు. పాత కారులోనికి వాననీరు వచ్చుటకు కారణము వెదకువారు మొట్టమొదట జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఇదియే.

భారతదేశపు రోడ్లపై చిరకాలము తిరిగిన అంబాసిడరు కారును ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గైకొని, హిందుస్థాన్ మోటార్సు సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారలో దీనిని తయారు చేసెను. 1950వ దశకము చివర ఆరంభమైన ఆ తయారీ 2014లో నిలిచిపోయెను. ఒకప్పుడు మంత్రుల వాహనముగను, అద్దె కారుగను దేశమంతట కనబడిన ఈ కారును నేటికిని మక్కువతో కాపాడుకొనువారు కలరు. అయితే వయసు మీరిన మనుష్యునివలె, వయసు మీరిన కారు కూడ, అది ఏ సంస్థ చేసినదైనను, ఎక్కువ సంరక్షణను కోరును.

నేలపై కొంచెము నీరు చేరినంత మాత్రమున ఏమి మునిగినదని కొందరనుకొందురు. లారీ అడుగున బలమైన ఇనుప చట్రముండును. దాని పైభాగము ఆ చట్రముపై కూర్చుండును. అంబాసిడరు నిర్మాణము అట్టిది కాదు. నేల, ప్రక్కలు, కప్పు అన్నియు ఉక్కు రేకులే. వాని నన్నిటిని ఒకటిగా అతికి చేసిన పెట్టెయే కారు బరువును మోయును. కావున నేల రేకు చెడినచో కాలి క్రింద ఒక చిల్లి పడుటతో కీడు ఆగిపోదు. కారు బలమే తగ్గిపోవును. సీట్లను బిగించిన మరలు నిలుచునది కూడ ఆ నేలపైననే. కారులో కూర్చున్నవారి ప్రాణములకు ఆ రేకు ఆధారమని చెప్పినను తప్పులేదు.

ఆ రేకునకు శత్రువు త్రుప్పు. ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును కలిసి తగిలినపుడు త్రుప్పు పుట్టును. ఈ రెండింటిలో ఏ యొక్కటి లేకున్నను అది సాగదు. తేమలో ఉప్పు కలిసినచో మరింత త్వరగా వ్యాపించును. సముద్రతీరపు ఇండ్లలో కిటికీల ఇనుప కడ్డీలు త్వరగా పాడగుటకు కారణమిదియే. త్రుప్పు తాను తినివేసిన ఇనుము కంటె ఎక్కువ చోటు నాక్రమించును; అందుచే అది పైనున్న రంగును ఎత్తివేసి పెచ్చులుగా ఊడదీయును. పెచ్చు ఊడిన చోట క్రొత్తగా బయటపడిన ఇనుము మరల త్రుప్పుపాలగును. పైగా కారులోని తివాచి క్రింద జనుపనారతోనో, పాత గుడ్డల పీచుతోనో చేసిన దళసరి పొర యుండును. పైన తివాచి ఆరినట్లు కనబడినను, ఆ పొర చాల దినములు తడిగానే యుండి, రేకును నానబెట్టుచుండును. కంటికి కనబడని చోట జరుగు నష్టము గనుక, తెలియు సరికి ఆలస్యమై పోవును.

విశాఖపట్టణమువంటి తీరనగరములో పాత అంబాసిడరును అద్దెకు నడుపుకొను డ్రైవరొకడు కలడనుకొనుడు. వానకాలములో ఒకనాటి ఉదయమున అతడు తలుపు తెరచి చూడగా, ఎడమవైపు ముందు సీటు దగ్గర కాళ్ళుంచు చోట తివాచి తడిసియున్నది. ముందటి అద్దమునకు చుట్టునున్న రబ్బరు పాతదైనది గనుక నీరు అచ్చటినుండియే వచ్చినదని అతడు నిశ్చయించుకొనెను. బజారునకు పోయి, అతుకులు మూయు లేపనము తెచ్చి, అద్దము చుట్టును దట్టముగా పూసెను. తరువాతి వానకు తివాచి మరల తడిసెను. ఈసారి తలుపు అంచులకు పూసెను. మూడవ వానకు కూడ తడిసెను. డబ్బును, శ్రమయు వ్యర్థమయిన తరువాత అతడు కారును ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు తీసికొనిపోయెను.

"మేస్త్రిగారూ, అద్దము తీసివేసి క్రొత్త రబ్బరు వేయుడు. ఇక ఈ బాధ పడలేను" అని డ్రైవరు మొర పెట్టుకొనెను.

మేస్త్రి నవ్వి, "తొందరపడకు నాయనా! ముందు ఈ నీరు ఏ నీరో తెలిసికొనవలెను గదా. వాన లేని దినమున కూడ తివాచి తడియుచున్నదా?" అని ప్రశ్నించెను.

ఆ ప్రశ్నలో గొప్ప వివేకము కలదు. కారులో కనబడు నీరెల్ల వాననీరు కాదు. ఏసీ అమర్చిన కారులో గాలి చల్లబడునపుడు దానిలోని తేమ నీరుగా మారును. మంచినీళ్ళు పోసిన చల్లని గ్లాసు వెలుపల చెమ్మ పట్టుట ఇట్టిదే. ఆ నీరు ఒక చిన్న గొట్టము ద్వారా కారు క్రిందికి పోవలెను. గొట్టములో దుమ్ము పేరుకొన్నచో నీరు లోపలికే పొరలును. చలిదేశములలో వాడు కార్లలో, ఇంజనును చల్లబరచు నీటినే లోపలికి తెచ్చి గదిని వెచ్చచేయు అమరిక యుండును. అది కారినచో వచ్చు నీరు రంగుగా, వ్రేళ్ళకు జిడ్డుగా తగులును. దానికి తియ్యని వాసన కూడ ఉండును. ఆ ద్రవము విషము గనుక రుచి చూడరాదు. ఈ రెండింటికిని అద్దపు రబ్బరుతో సంబంధము లేదు.

డ్రైవరు కారులో ఏసీ లేదు. వాన కురిసినపుడే తడి కనబడుచున్నది. "కారు నిలిచియున్నపుడు వచ్చుచున్నదా, నడచుచున్నపుడా?" అని మేస్త్రి మరల అడిగెను. వేగముగా పోవు కారునకు ఎదురుగాలి వాననీటిని సందులలోనికి నెట్టును. అట్టి సందులనుండి నిలిచియున్న కారులోనికి నీరు రాకపోవచ్చును. ఒకవైపు పల్లముగా నున్న చోట కారు నిలిపినపుడు మాత్రమే నీరు వచ్చుటయు కలదు. ఇంటి ముందు సమతలమున నిలిపినపుడు కూడ నీరు వచ్చుచున్నదని డ్రైవరు చెప్పెను. ఈ విధముగా, కారును ముట్టుకొనకయే మేస్త్రి సగము వెదకుట ముగించెను.

పిదప అతని శిష్యుడు ముందు సీటును, తివాచిని, దాని క్రింది పొరను బయటకు తీసి ఎండలో వేసెను. తివాచి తడిసిన మేరను చూచి కారణము ఊహించుట పొరపాటు. దీపపు వత్తి ప్రమిదలోని నూనెను పైకి లాగుకొనునట్లు, తివాచి పోగులు నీటిని ఒక మూలనుండి మరియొక మూలకు లాగుకొనిపోవును. సన్నని సందులలో నీరు తనంతట తాను ప్రాకు ఈ గుణమును కేశనాళికా చర్య యందురు. రేకునకు రేకు అతికిన చోట వెంట్రుకవాసి సందున్నను నీరు ఈ గుణము చేతనే అందు చొరబడును. అంతేకాక, నీరు రేకు నంటుకొని దాని అడుగు భాగము వెంటనే చాల దూరము జారిపోగలదు. చెంబులోని నీటిని మెల్లగా వంచినపుడు, ధార సూటిగా పడక చెంబు ప్రక్కనే అంటుకొని కారుటను అందరును చూచియుందురు.

నేల ఆరిన తరువాత శిష్యుడు లోపలి రేకులను గుడ్డతో తుడిచి, డాష్‌బోర్డు క్రింద నున్న అడ్డుగోడపైనను, తలుపు గడపపైనను సుద్దపొడి చల్లెను. పొడిపై ఒక్క బొట్టు జారినను దాని జాడ గీతవలె నిలిచిపోవును. శిష్యుడు టార్చి దీపముతో లోపల కూర్చుండెను. తలుపులన్నియు మూసి, మేస్త్రి వెలుపల నీటి గొట్టము చేతబట్టెను. నీటిని వడిగా చిమ్మలేదు. చెట్టునకు పోసినట్లు మెల్లగా పారనిచ్చెను. వడిగా చిమ్మినచో వాననాడు చేరని చోటికి కూడ నీరు చేరి మోసము చేయును.

అతడు పైకప్పునుండి మొదలుపెట్టక, తలుపు అడుగునుండి మొదలుపెట్టుట చూచి డ్రైవరు ఆశ్చర్యపడెను. "వాన పైనుండి గదా కురియును?" అనెను.

"నిజమే నాయనా. కాని పైన పోసిన నీరు జారుచు క్రిందనున్న సందులన్నిటిని తడుపును. అప్పుడు దొంగ ఎవరో తెలియదు. క్రింద పోసిన నీరు పైకి పోదు గనుక, క్రిందినుండి ఒక్కొక్క మెట్టు పైకి పోయినచో ఏ మెట్టున నీరు కనబడునో ఆ మెట్టుననే దోషమున్నది" అని మేస్త్రి బదులు చెప్పెను.

తలుపు అడుగున 10 నిమిషములు నీరు పోసిరి. లోపల సుద్దపొడి పొడిగానే యుండెను. తలుపు అంచుల వెంట మరి 10 నిమిషములు పోసిరి, ఏమియు లేదు. తరువాత అద్దమునకు తగులకుండ, అద్దము క్రింద బానెట్టు మొదట నున్న సందులో పోసిరి. నాలుగైదు నిమిషములు గడచునప్పటికి, "వచ్చినది, మేస్త్రిగారూ!" అని శిష్యుడు కేక పెట్టెను. సుద్దపొడిపై తడి గీత యొకటి అడ్డుగోడ పైభాగమునుండి నేల వరకు దిగియున్నది. అద్దము మాత్రము ఒక్క చుక్కయైన తగులక పొడిగా నున్నది.

మేస్త్రి బ్యాటరీ తీగను ఊడదీసి, బానెట్టు ఎత్తి, అడ్డుగోడ వెనుక వెదకెను. ఎప్పుడో ఎవరో క్రొత్త హారను అమర్చినపుడు ఆ రేకునకు చిల్లి చేసి, దానిగుండ తీగను లోపలికి త్రోసిరి. అట్టి చిల్లికి రబ్బరు ఉంగరమును తొడుగుట పద్ధతి. అది నీటిని ఆపును. రేకు అంచు తీగ పైతొడుగును కోయకుండ కూడ కాపాడును. ఆ పని చేసినవాడు ఆ చిన్న ఉంగరమును వేయలేదు. తీగ పైనుండి క్రిందికి వాలుగా వచ్చి నేరుగా చిల్లిలో దూరుచున్నది. వాననీరు ఆ తీగ వెంట నడచి, ఎవరో చూపిన బాటను పోవునట్లు, కారులోనికి దిగుచున్నది. తీగ తొడుగు కూడ ఒక ప్రక్క కోసికొనిపోయి లోపలి రాగి మెరయుచున్నది. తడిలో ఆ రాగి ఇనుప రేకును తాకినచో తీగ కాలి, మంటలు రేగుటకును అవకాశము కలదు. కొద్ది పైకము చేయు ఉంగరమును విడిచిన అశ్రద్ధకు ఫలమిది!

మేస్త్రి ఆ తీగను మార్చి, చిల్లి అంచును నునుపు చేసి, రంగు పూసి, సరియైన కొలత గల రబ్బరు ఉంగరమును బిగించెను. తీగను లోపలికి పంపుటకు ముందు దానిని ఒక వంకగా క్రిందికి వంచెను. నీరు ఆ వంక అడుగునకు జారి అచ్చటనే చుక్కలై రాలిపోవును. మరల పైకెక్కి చిల్లిని చేరజాలదు. వీథిలోని స్తంభమునుండి ఇండ్లలోనికి పోవు విద్యుత్తు తీగకు గోడ దగ్గర ఇట్టి వంక నుంచుటలోని కారణమును శిష్యుడు ఆనాడే గ్రహించెను.

దోషము దొరికినదని మేస్త్రి పరీక్షను ఆపలేదు. ఒక దోషము వెనుక మరియొకటి దాగియుండవచ్చును. అతడు ముందటి అద్దము, కప్పు, వెనుక అద్దము, డిక్కీ మూత వరకు క్రమముగా నీరు పోసెను. డిక్కీ మూల ఒకచోట చిన్న తడి కనబడెను. మూత చుట్టునున్న రబ్బరు బీడింగు గట్టిపడి అణగిపోయియుండెను. అద్దపు రబ్బరు మాత్రము బాగుగనే యుండెను. డ్రైవరు దానికి పూసిన లేపనమంతయు అక్కరలేనిదే!

పాత కార్లలో రబ్బరే తరచుగా దోషి యగుట సహజము. పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి, చలికి పెళుసగును. దానిని గంధకముతో కలిపి కాచినచో స్థిరమైన సాగుడు గుణము వచ్చునని 1839లో అమెరికా దేశీయుడైన చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. అట్టి రబ్బరు కూడ చిరంజీవి కాదు. ఎండయు, గాలిలోని ఓజోను వాయువును సోకి, కొన్నియేండ్లకు అది బీటలు వారును. తలుపు బీడింగు పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. ఒక కాగితపు ముక్కను తలుపు సందున పెట్టి, తలుపు మూసి, మెల్లగా లాగవలెను. కాగితము బిగువుగా వచ్చినచో రబ్బరు అదుముచున్నదని అర్థము. జారి వచ్చినచో అచ్చట సందు కలదు. చుట్టును ఇట్లే పరీక్షింపవలెను. ఒక్కొక్కప్పుడు రబ్బరు మంచిదే. తలుపు బందులు అరిగి తలుపు వాలుటచే సందు ఏర్పడును. అప్పుడు రబ్బరు మార్చుట గాక, తలుపును సరిచేయుటయే చికిత్స.

తలుపు విషయమున మరియొక చిత్రము కలదు. కిటికీ అద్దము క్రిందికి దిగు సందునుండి కొంత నీరు తలుపు లోపలికి పోకమానదు. తయారుచేసినవారికి ఇది తెలియును. అందుచే తలుపు అడుగున చిన్న రంధ్రములుంచి, నీరు వానినుండి బయటకు పోవు ఏర్పాటు చేసిరి. తలుపు లోపలి అట్ట వెనుక నీరు చొరని పలుచని పొర నొకదానిని కూడ అమర్చిరి. తెలియనివారు ఆ రంధ్రములను చూచి, నీరు వీని గుండ వచ్చునేమోయని పుట్టీతో మూసివేయుదురు. అప్పుడు నీరు తలుపులోనే నిలిచి, కారు కదలినపుడెల్ల గలగల లాడును. తలుపు లోపలినుండి త్రుప్పు పట్టును. మూయవలసిన రంధ్రమేది, తెరచియుంచవలసిన రంధ్రమేది అను విచక్షణ ఈ పనిలో ముఖ్యము. ఆకులు, దుమ్ము చేరిన రంధ్రములను సన్నని వెదురుపుల్లతో శుభ్రము చేసినచో చాలును; అందుకు ఖర్చు లేదు.

లేపనములలో కూడ మంచి చెడ్డలు కలవు. అద్దపు రబ్బరు సందులకు గట్టిపడని మెత్తని లేపనము తగినది. ఏలయన కారు నడచునపుడు ఆ భాగములు కొంచెము కదలుచుండును. ఆరునపుడు పులిసిన వాసన వచ్చు కొన్ని సిలికాను లేపనములనుండి ఆమ్లము వెలువడును. రంగు లేచిపోయిన ఇనుముపై వానిని పూసినచో త్రుప్పును ఆపుటకు మారుగా పెంచును.

చివరకు మేస్త్రి నేల రేకును పరీక్షించెను. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టగా, చాల చోట్ల ఖంగున మ్రోగెను. ఒక మూల మాత్రము చప్పగా పలికెను. అచ్చట త్రుప్పు పైపైన మాత్రమే యున్నది. తీగ బ్రష్షుతోను, గరుకు కాగితముతోను మెరయు ఇనుము కనబడువరకు రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన పిదప పైరంగు వేసిరి. "ఇంకొక వానకాలము ఇట్లే గడచియుండినచో, ఈ మూలను కోసి క్రొత్త రేకు అతుకవలసి వచ్చెడిది" అని మేస్త్రి చెప్పెను. తివాచియు, క్రింది పొరయు పూర్తిగా ఆరిన తరువాతనే మరల పరచిరి. డిక్కీకి క్రొత్త బీడింగు వేసి, అన్ని చోట్లను మరల నీరు పోసి చూచిరి. సుద్దపొడిపై ఎచ్చటను గీత పడలేదు.

నాలుగు దినముల తరువాత రాత్రియంతయు కుండపోతగా వాన కురిసెను. డ్రైవరు ముందునాటి సాయంకాలమే తివాచిపై పాత వార్తాపత్రిక నొకదానిని పరచియుంచెను. తెల్లవారగనే తలుపు తెరచి, ఆ కాగితమును చేతిలోనికి తీసికొని చూచెను. అది పెళపెళలాడుచున్నది. అతడు దానిని మడిచి సీటుపై నుంచి, ప్రయాణికులకై బయలుదేరెను.

ఆ డ్రైవరు మొదట చేసినదియు, మేస్త్రి తరువాత చేసినదియు పోల్చి చూడదగినవి. డ్రైవరునకు శ్రద్ధ లేదని చెప్పుటకు వీలులేదు. అతడు శ్రమపడెను, డబ్బు ఖర్చు పెట్టెను. కాని తెలిసికొనకముందే నిశ్చయించుకొనెను. తెలియకయే అన్ని చోట్లను పూయుటచే నీటి జాడ మరింత మరుగుపడెను. మేస్త్రి ముందు ప్రశ్నించెను. పిదప ఒక్కొక్క చోటనే పరీక్షించెను. కనుగొన్న తరువాత బాగుచేసెను. బాగుచేసిన తరువాత మరల పరీక్షించెను. శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో అవలంబించు పద్ధతి కూడ ఇదియే. పగిలిన పెంకును వెదకువాడు చుక్క పడిన చోట నిలుచుండి పైకి చూచినంత మాత్రమున చాలదు. వాసము వెంట నీరు నడచి వచ్చిన దారిని తానును వెనుకకు నడచి చూడవలెను.